అద్దానికి బయటివైపు

అక్టోబరు 4, శనివారం

కోపం వస్తే మనుషుల మీద అరవకుండా కాగితం మీద అరవమంది డాక్టరమ్మ. బీపీ మిషను వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "కాస్త పెద్ద డైరీయే కొనుక్కోండి" అని కూడా అంది. కొన్నాను. తీరా మొదటి పేజీ తెరిచిన రోజున నాకు కోపమే లేదు. దండగ ఖర్చు.

ఇవాళ సాయంత్రం లైబ్రరీలో మా పిల్లల బొమ్మ ప్రారంభించారు. మడుగు వైపున్న ఆ పెద్ద అద్దాల గోడ, నేల నుంచి పైకప్పు దాకా, మొత్తం మా ఆర్టు రూం పిల్లలు వేసిన పక్షులే. నెల రోజుల చాకిరీ. లోపల లైట్లన్నీ వేసి, జనాన్ని బయట పచ్చికలో నిలబెట్టారు. గోడ గోడంతా వెలిగింది. రెక్కలు, రెక్కల వెనక రెక్కలు. నా ఒళ్ళు పులకరించింది, అబద్ధమెందుకు.

ప్రతి చలికాలం ఎక్కడెక్కడి నుంచో పక్షులు ఈ మడుగుకి వస్తాయి. వాటిని కాపాడాలని జనానికి తెలియజెప్పేందుకు పిల్లల చేత బొమ్మలు వేయించమని ఫౌండేషన్ వాళ్ళు గ్రాంటు ఇచ్చారు. రంగులు, బ్రష్షులు, మా గది అద్దె, అన్నీ అందులోంచే. గ్రాంటు మేడమ్ నా చెయ్యి పట్టుకుని, "ఇక మీ గదికి ఢోకా లేదండీ, మా ఫౌండేషన్ బోర్డు వాళ్ళు ఇరవై అయిదున వచ్చి చూస్తారు, రెండో విడత ఖాయం" అంది. ఖాయం కాకపోతే పిల్లలూ నేనూ ఫుట్‌పాత్ మీద బొమ్మలేసుకోవాలి. కానీ ఖాయమేగా.

ఆ అద్దాలు బిగించింది మా ఆయన. ఆయన చేతుల మీదుగా వెళ్ళిన పనుల్లో అంత పెద్దది ఇంకోటి లేదు. ఇప్పటికీ వారం వారం వెళ్ళి దాన్ని చూసుకుని వస్తారు, కాపురానికి పంపిన కూతుర్ని చూసొచ్చినట్టు. అసలు మేం బయటివైపు వేద్దామనుకున్నాం. "బయటేస్తే ఒక్క వానకి కారిపోతుంది, లోపల వేసుకోండి" అని చెప్పింది ఆయనే. ఇన్నేళ్ళ కాపురంలో నా పని గురించి ఆయన ఇచ్చిన మొదటి సలహా. ఎంత ముచ్చటేసిందో.

మిరపకాయ ఒక్కతే మొహం ముడుచుకుని నిలబడింది. పదిహేనేళ్ళ పిల్ల, కోపంలో నన్ను మించింది, అందుకే ఆ పేరు. "పక్షులు సాయంత్రం ఫంక్షనుకొస్తాయా టీచర్?" అంది. నీకన్నీ వంకలే, ఫో అన్నాను.

అక్టోబరు 6

సాయంత్రం లైబ్రరీకి వెళ్తే ముందు పచ్చికలో ఒక చిన్న పిట్ట చచ్చి పడుంది. పసుపు పొట్ట. పిల్లి పనే అయ్యుంటుంది.

అక్టోబరు 7

సాయంత్రం ఇంకొకటి. ఈసారి పిల్లి అనడానికి ఒంటి మీద గీత కూడా లేదు. రాత్రి గాలి బాగా వీచింది కదా. గాలికి ఎక్కడో కొట్టుకుని ఉంటుంది.

పిల్లలకి చెప్పలేదు. నేనే కాగితంలో చుట్టి చెట్టు కింద పూడ్చాను. చెయ్యి కడుక్కుంటూ వెనక్కి తిరిగితే మిరపకాయ. ఎప్పట్నుంచి చూస్తోందో.

"పిల్లి పనా, గాలి పనా టీచర్?" అంది.

నిన్న పిల్లి అనీ, ఇవాళ గాలి అనీ పైకే గొణుక్కున్నట్టున్నాను. బొమ్మలేసుకోడానికొచ్చావా, ఆరా తియ్యడానికొచ్చావా అని కసిరాను.

అక్టోబరు 8

అంత పెద్ద బొమ్మ వేశాం. ఆ గోడ నిండా పక్షులున్నాయి. వచ్చే పక్షి వాటిని చూసి పక్కకి తప్పుకోదా? తప్పుకుంటుంది. తప్పుకునే ఉంటుంది.

అక్టోబరు 10, శుక్రవారం

పొద్దున్నే తలుపు దబదబా బాదుతుంటే లేచి చూస్తే మిరపకాయ. "టీచర్, మీరొక్కసారి రండి. ఒక్కసారి వస్తే ఇంకెప్పుడూ మిమ్మల్ని ఏమీ అడగను." ఈ పిల్ల ఇంకెప్పుడూ ఏమీ అడగకపోవడమా! ఆ మాటతోనే నాకు భయం వేసింది.

లోపలి గదిలోంచి అత్తయ్య, "ఎవరే అంత పొద్దున్నే, పాలవాడా?" అన్నారు. పాలవాడికి ఇంత పొగరుండదు అని చెప్పి చెప్పులేసుకున్నాను.

అప్పుడప్పుడే తెల్లవారుతోంది. లైబ్రరీ మూసుంది, లోపల చీకటి. మిరపకాయ నన్ను మడుగు గట్టు మీద నిలబెట్టి, "ఇప్పుడు చూడండి" అంది.

చూశాను. గోడలో ఆకాశం ఉంది. ఆకాశం కింద తుంగ ఉంది. తుంగ ముందు చెప్పులేసుకుని, జుట్టు రేగిన ఒక ఆవిడ నిలబడి ఉంది. నెల రోజులు వేసిన బొమ్మ లేదు. ఒక్క ఈక లేదు.

దగ్గరకెళ్ళి, రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని, నుదురు అద్దానికి ఆనించి చూస్తే అప్పుడు కనబడ్డాయి మా పక్షులు. లోపలున్నాయి. హాయిగా, చల్లగా, చీకట్లో లోపలున్నాయి. బయటున్నవాటికి మాత్రం అద్దంలో ఇంకో మడుగు, ఇంకో ఆకాశం కనబడుతున్నాయి. పోదాం పద అని నేరుగా వచ్చేస్తున్నాయి.

మేం ఆ బొమ్మని చూసిందంతా లైబ్రరీ లోపల ఉండి. లేదంటే సాయంత్రం, లోపల లైట్లు వేశాక. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, పొద్దున వచ్చి బయట నిలబడి చూసిన పాపాన పోలేదు. ముప్ఫై మంది పిల్లలు, ఒక టీచరమ్మ, ఒక ఫౌండేషను.

మిరపకాయ నా చెయ్యి పట్టుకుని ఒక అద్దం దగ్గరకి తీసుకెళ్ళింది. దాని మీద సన్నటి దుమ్ము మరక. రెండు రెక్కలు, మధ్యలో తల. గుద్దుకున్నప్పుడు అంటిన ముద్ర. నా జన్మలో అంత చక్కగా రెక్క గియ్యలేదు నేను.

నేనేం ఏడవలేదు. చలికి కళ్ళు నీళ్ళు కారాయి.

అక్టోబరు 11

కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

అక్టోబరు 13, సోమవారం

లైబ్రేరియన్ గారిని అడిగితే పక్షుల గురించి ఒక లావుపాటి పుస్తకం తెచ్చిచ్చారు. అద్దాల గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది! ఆ లైబ్రరీలో, ఆ గోడకి పది అడుగుల దూరంలో, అలమారలో కూర్చుని ఉంది ఆ పుస్తకం. ఇప్పటివరకూ ఒక్కరూ తీసుకెళ్ళలేదట. ఆయన ఆ మాట చెప్పి, తలొంచుకుని కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

ఉపాయం ఇంత సులువా అనిపించింది. అద్దానికి బయటివైపు చుక్కలు పెట్టాలి. దగ్గర దగ్గరగా. చుక్కకీ చుక్కకీ మధ్య మూడు వేళ్ళ ఎడం కంటే ఎక్కువ ఉండకూడదు. ఎక్కువుంటే ఆ సందులోంచి దూరిపోవచ్చనుకుంటుంది పిట్ట. గోడ మొత్తం పెట్టాలి, ఎక్కడా ఖాళీ వదలకూడదు. పిల్లల పోస్టరు రంగులు చాలు.

పక్షి బొమ్మలు అక్కర్లేదట. డేగ బొమ్మలూ అక్కర్లేదట. చుక్కలు. నెల రోజులు రెక్కల్లో ఈకలు ఒక్కొక్కటీ దిద్దించాను పిల్లల చేత!

అక్టోబరు 14

గ్రాంటు మేడమ్ ఆఫీసు. తెల్ల గోడలు, తెల్ల బల్ల, బల్ల మీద మా బొమ్మ ఫోటో ఫ్రేము కట్టి ఉంది. సాయంత్రం తీసిన ఫోటో. ధగధగలాడుతోంది.

జరిగింది చెప్పాను. ఆవిడ ముందు అయ్యో అంది, నిజంగానే అంది. చుక్కల మాట ఎత్తగానే మొహం మారిపోయింది.

"బయట చుక్కలా? బిల్డింగు ముందుభాగం అండీ అది. లైబ్రరీ కమిటీ వాళ్ళు ఒప్పుకోరు. పైగా మనం ఒప్పుకున్న డిజైను వేరు."

"డిజైను వల్ల పిట్టలు చస్తున్నాయి మేడమ్."

"అలా అనకండి. బొమ్మ వల్ల కాదు కదా, అద్దం వల్ల."

"పక్షుల్ని కాపాడమని కదా గ్రాంటు ఇచ్చారు?"

"పక్షుల గురించి అవగాహన కల్పించమని ఇచ్చాం." ఎంత మెత్తగా అందో. "బోర్డు వాళ్ళొచ్చి చూసి వెళ్ళాక, వచ్చే ఏడాది ప్రతిపాదనలో ఈ చుక్కలు కూడా పెడదాం. సరేనా? ఇప్పుడు మాత్రం నెగెటివ్‌గా ఏమీ వద్దు."

వచ్చే ఏడాదికి ప్రతిపాదన పంపమని పిట్టలకి ఎవరు చెబుతారు అన్నాను. ఆవిడ నవ్వింది, జోకనుకుని. నేను నవ్వలేదు. బయటికొచ్చి ఆవిడ కుండీలో మొక్కని చూసి కూడా కోపం వచ్చింది, పాపం అదేం చేసింది.

రాత్రి మా ఆయనకి చెప్పాను. ఆయన అన్నం తింటూ, "పోనీలే, ఆవిడన్నదీ నిజమే" అన్నారు. తల ఎత్తలేదు.

తల ఎందుకు ఎత్తలేదు?

అక్టోబరు 15

అడిగేశాను.

"మీకు తెలుసా?"

"ఏంటి?"

"లోపల వేస్తే పగలు బయటికి కనబడదని."

చేతులు తుడుచుకున్నారు. తర్వాత, "అద్దాల పని చేసేవాణ్ణి. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

ఇక మొదలుపెట్టాను. ఏమేం అన్నానో అన్నీ రాస్తే ఈ డైరీ చాలదు. అత్తయ్య మధ్యలోకి వచ్చి, "ఒరేయ్, నువ్వు నోరెత్తకు. అమ్మాయ్, నువ్వు కానీ, ఇంకాస్త గట్టిగా కానీ. నాకెలాగూ సగం వినబడదు" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

చివరికి ఆయనే అన్నారు. "పిట్టలు చస్తాయని నాకు తెలీదు. ఒట్టు. బొమ్మ బయటికి కనబడదనే తెలుసు. కనబడకపోతే మంచిదేలే అనుకున్నాను. ఆ గోడ మీద ఎవరూ వేలిముద్ర కూడా వెయ్యకూడదనిపిస్తుంది నాకు. అంత అద్దం మళ్ళీ నా చేతికి ఎవరిస్తారు?"

"పిట్టలు చస్తున్నాయని తెలిశాక?"

"తెలిశాక ఏం చెప్పను? నా గోడకి మీరు సున్నం చుక్కలు పెట్టండని నా నోటితో నేనే చెప్పనా?"

"చెప్పాలి" అన్నాను.

"నువ్వు నీ బొమ్మల్ని ఎవరైనా చెరిపేస్తానంటే ఊరుకుంటావా?"

ఊరుకోను. అది ఒప్పుకోవాల్సి వచ్చేసరికి ఒళ్ళు ఇంకా మండింది. వెళ్ళి పడుకున్నాను.

అక్టోబరు 16

మాట్లాడలేదు.

అక్టోబరు 17

మాట్లాడలేదు. కూరలో ఉప్పు వెయ్యలేదు. మర్చిపోయాననుకున్నారు, కిక్కురుమనకుండా తిన్నారు. అత్తయ్య మాత్రం నా వైపు చూసి ఉప్పు డబ్బా ఆయనకి అందకుండా తన వైపు జరుపుకున్నారు.

అక్టోబరు 18, శనివారం

ఆర్టు రూంలో మిరపకాయ ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపల ఇవాళ దొరికిన పిట్ట. గోధుమరంగు వీపు, గొంతు దగ్గర కాస్త తెలుపు. దీని పేరేంటో మాకెవరికీ తెలియదు. పుస్తకంలో వెతికితే నాలుగు ఒకేలా ఉన్నాయి.

"దీన్ని ఉన్నంత సైజులో గీస్తాం టీచర్. దొరికినవన్నీ గీస్తాం. ఆ బోర్డు వాళ్ళకి ఇద్దాం."

నేను ముందు వద్దన్నాను. మేడమ్ నెగెటివ్ వద్దంది కదా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినబడింది. రెండో విడత, గది అద్దె, పిల్లలు ఎక్కడికెళ్తారు, ఇవన్నీ లెక్కేసుకుంటున్నాను నేను. పదేళ్ళు తిరిగితే దొరికిన గది అది. కొళాయి పాడైనా, పైకప్పు కారినా, మా గది.

పిల్లలు నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. అడిగాను. చుక్కలు పెడితే ఈ గది పోవచ్చు, మీ ఇష్టం అని.

ఒకడు "పోతే?" అన్నాడు. ఇంకో పిల్ల, "మా డాబా మీద వేసుకోవచ్చు, కాకపోతే మా నానమ్మ వడియాల కోసం కాకుల్ని తోలినట్టు మనల్నీ తోలుతుంది" అంది. అందరూ నవ్వారు. మిరపకాయ నవ్వలేదు. పిట్ట ముందు కూర్చుని అప్పటికే గీస్తోంది.

ముప్ఫై ఏళ్ళుగా బొమ్మలు నేర్పుతున్నాను. ఒక బొమ్మ ఎవరికోసం వెయ్యాలో ఇవాళ ఈ పిల్లలు తేల్చేశారు. ఇక నేను వెనకడుగు వేస్తే నాకు నేనే మొహం చూపించుకోలేను.

వచ్చేటప్పుడు లైబ్రేరియన్ గారి దగ్గర ఆగాను. విషయం చెప్పాను. ఆయన అటూ ఇటూ చూశారు. "రేపు ఆదివారం, నేను ఊళ్ళో ఉండను" అన్నారు. తర్వాత, "బయట కొళాయికి తాళం ఉండదు" అన్నారు. ఇంకాసేపాగి, "ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదండోయ్" అన్నారు.

అక్టోబరు 19, ఆదివారం

పెట్టేశాం!

చేతులు నొప్పి, మెడ నొప్పి, రాస్తుంటే వేళ్ళు వంగడం లేదు. మా ఆయన నిచ్చెన షెడ్డులోంచి అడక్కుండా తీసుకెళ్ళాను. చీపురు కర్రలకి స్పాంజి ముక్కలు కట్టి పై అద్దాలకి, వేళ్ళతో కింద అద్దాలకి. ఎడం కొలవడానికి మిరపకాయ మూడు వేళ్ళే మా స్కేలు. దాని వేళ్ళు సన్నం, అందుకని చుక్కలు ఇంకా దగ్గరగా పడ్డాయి. పడనీ.

అందం చందం అడక్కండి. ఒక వరస పైకి పోయింది, ఒక వరస కిందకి దిగింది. గోడకి అమ్మవారు పోసినట్టుంది. నేను గట్టు మీదకెళ్ళి చూశాను. ఆకాశం కనబడలేదు. చుక్కలు కనబడ్డాయి. గోడ గోడలాగా కనబడింది, మొదటిసారి.

ఇంటికొచ్చేసరికి చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. మా ఆయన చూశారు. నిచ్చెన కూడా చూశారు. చొక్కా వేసుకుని, ఒక్కరే బయటికి వెళ్ళి, చాలా ఆలస్యంగా వచ్చారు. ఎక్కడికెళ్ళారో నాకు తెలుసు. వచ్చాక మొహం చూడలేకపోయాను. జాలి పడకూడదని గోడ వైపు తిరిగి పడుకున్నాను.

అక్టోబరు 20

పొద్దున వెళ్ళి చూశాను. పచ్చిక ఖాళీ.

మధ్యాహ్నం మేడమ్ ఫోను. ఈసారి మెత్తగా లేదు. "మీరు మాకు పెద్ద అవమానం చేశారు" అంది. ఇరవై అయిదు సాయంత్రానికల్లా అద్దం అద్దంలా ఉండాలట. లేకపోతే రెండో విడత మాట మర్చిపొమ్మంది.

"పొద్దున ఒకసారి వచ్చి చూడండి మేడమ్" అన్నాను.

"ఎవరు చూడాలండీ అది, ఎందుకూ?"

"మీరు. పిట్టలు బతికుండడం ఎలా ఉంటుందో."

పెట్టేసింది.

అక్టోబరు 21

ఇవాళ కూడా ఖాళీ. మిరపకాయ గట్టు మీద గొంతుక్కూర్చుని, "ఏంటి టీచర్, మీ పిల్లి సెలవు పెట్టిందా?" అంది. గడుగ్గాయి.

సాయంత్రం తెలిసింది. చుక్కలు గీకెయ్యమని కమిటీ వాళ్ళు కబురు పంపారు. ఎవరికి? ఆ గోడ బాగోగులు ఏడాదిపాటు ఎవరి బాధ్యతో, వాళ్ళకి. మా ఆయనకి.

ఆయన వరండాలో కూర్చుని గీకే కత్తి నూరుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి, "వెళ్తారా?" అన్నాను. వారం తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట.

"నా పని" అన్నారు.

అక్టోబరు 22, బుధవారం

అన్నీ వరసగా రాయాలి.

తెల్లవారకముందే పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. గోడ పొడుగునా నిలబడ్డాం, వీపు అద్దాలకి ఆనించి. ఆయన బకెట్టు, కత్తి, గుడ్డ పట్టుకుని వచ్చారు. నా ఎదురుగా ఆగారు.

"తప్పుకో."

"తప్పుకోను."

"పిల్లల ముందు గొడవెందుకే?"

"గొడవ పిల్లలదే. నేను వాళ్ళతో వచ్చాను."

ఆయన మా అందరి వైపూ చూశారు. మేం ఎంతమందిమైనా ఆ గోడ మాకంటే పొడుగు. చిట్టచివర, కుడివైపు మూల అద్దం దగ్గర ఎవరూ లేరు. అక్కడికెళ్ళి మొదలుపెట్టారు. నేను అరిచాను. వినిపించుకోలేదు. మిరపకాయ పరుగెత్తబోతే నేనే పట్టుకున్నాను, కత్తి దగ్గరకి పోవద్దని.

ఆయన పని చేస్తుంటే చూడాలి. ఎంత కోపమున్నా ఒప్పుకోవాలి. నీళ్ళు కొట్టి, కత్తి ఒక్క లాగు లాగితే చుక్కలు వరసలు వరసలుగా లేచొచ్చాయి. తర్వాత గుడ్డ. తర్వాత పొడి గుడ్డ. నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు. ఆ ఒక్క అద్దంలోకి ఆకాశం మళ్ళీ వచ్చింది. ఆయన మొహంలో చిన్న నవ్వు. ఆయనకి తెలియకుండానే వచ్చిన నవ్వు అది. నాకు పెళ్ళి కొత్తలోని మనిషి కనబడ్డాడు.

అప్పుడే మడుగు మీద నుంచి చిన్న గుంపొకటి లేచింది. గోడ వైపే వచ్చింది. చుక్కల్ని చూసి చెల్లాచెదురుగా విడిపోయి పైకప్పు మీదుగా వెళ్ళిపోయింది. ఒక్కటి మాత్రం పక్కకి వాలి, ఖాళీ ఎక్కడుందో చూసుకుని, ఆ మూలకి వెళ్ళింది.

చప్పుడు చాలా చిన్నది. పుస్తకం మూసినంత.

ఆయన కాళ్ళ దగ్గర పడింది. మేమెవ్వరం కదల్లేదు. ఆయనే వంగి, చేతిలో ఉన్న పొడి గుడ్డతోనే తీశారు. పొట్ట ఎగిసెగిసి పడుతోంది. మిరపకాయ అట్టపెట్టె తెచ్చింది, కాసేపు చీకట్లో ఉంచితే ఒక్కోసారి తేరుకుంటాయని పుస్తకంలో ఉంది. ఆయన పెట్టెలో పెట్టలేదు. పెట్టేలోపే అది ఆగిపోయింది.

చాలాసేపు అరచేతిలో అలాగే ఉంచుకున్నారు. "బరువే లేదే" అన్నారు. నాతో కాదు, ఎవరితోనూ కాదు. "ఇంత తేలికా ఇది? ఇంతా చేసి ఇంతేనా?"

నా కోపం అంతా ఎటు పోయిందో. ఏడ్చాను. ఈసారి చలికి కాదు.

ఆయన ఫోను మోగింది. మేడమ్. పక్కనున్న నాకు కూడా వినబడేంత గట్టిగా, "అయిపోయిందా అండీ?" అంటోంది.

"లేదు మేడమ్" అన్నారు ఆయన.

"ఎప్పటికవుతుంది?"

"అవదు. ఈ అద్దాలు బిగించింది నేను. వీటికి ఏది మంచిదో నాకు తెలుసు. ఇంకెవర్నైనా పంపితే నా నిచ్చెన ఇవ్వను." ఆ చివరి మాట ఎందుకన్నారో, నవ్వొచ్చింది ఆ ఏడుపులోనే.

ఫోను జేబులో పెట్టుకుని, పిట్టని పెట్టెలో పడుకోబెట్టి, మిరపకాయ ఎదుటికొచ్చి చెయ్యి చాపారు.

"ఎంత ఎడం పెట్టాలి?"

"మూడు వేళ్ళు."

"నీ వేళ్ళా, నా వేళ్ళా?"

మిరపకాయ ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నావే" అంది. "మీవి లావు. సందులోంచి దూరిపోతాయి."

అక్టోబరు 24, శుక్రవారం

రెండో విడత ఆపేశామని ఉత్తరం వచ్చింది. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి. భయం వేసింది, కానీ అనుకున్నంత లేదు.

అత్తయ్య ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు లేకుండానే చదివినట్టు నటించి, "వీడి షెడ్డులో సగం పాత అద్దం పెంకులే కదే అమ్మాయ్. అవి బయట పారేయించు" అన్నారు. మా ఆయన పెంకులు కావవి, మంచి ముక్కలు అన్నారు. అత్తయ్య ఆయన వైపు చూశారు. ఆయన లేచి షెడ్డు తాళం చెవి తెచ్చి నా ముందు పెట్టారు.

ఇంకా మాట్లాడుకోవాల్సినవి చాలా ఉన్నాయి మా ఇద్దరికీ. నేను మర్చిపోలేదు. కూరలో ఉప్పు మాత్రం వేశాను.

రాత్రి కుండపోత వాన.

అక్టోబరు 25, శనివారం

తెల్లారేసరికి గోడ కడిగినట్టుంది. చుక్కలన్నీ కారిపోయి కింద పచ్చికలో తెల్లటి మడుగు కట్టాయి. బయటేస్తే ఒక్క వానకి కారిపోతుందని మా ఆయన అన్నారు చూడు, ఆ మాట ఒక్కటి మాత్రం నిజం. మేడమ్‌కి ఎంత ఆనందంగా ఉంటుందో అనుకుంటూ పరుగున వెళ్ళాను. సాయంత్రం బోర్డు వాళ్ళు.

వెళ్ళేసరికి మా ఆయన నిచ్చెన మీద ఉన్నారు. ఎప్పుడు లేచారో నాకు తెలియనే తెలియదు. మట్టం పెట్టి, దారం కట్టి, చుక్కలు పెడుతున్నారు. గోడ మొత్తంలో ఆయన వేసినవే తిన్నగా ఉన్నాయి. పిల్లలు కింద నిలబడి, ఇన్ని చుక్కలకి ఇంత టైమా అంకుల్, అప్పటికి పక్షులు ముసలివైపోతాయి అని ఎగతాళి చేస్తున్నారు. నేనూ స్పాంజి తీసుకున్నాను.

బోర్డు వాళ్ళు సాయంత్రం వచ్చారు. చుక్కలు చూశారు, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మిరపకాయ ముందుకెళ్ళి, తాము గీసిన పిట్టల బొమ్మలు, చచ్చినవాటివి, ఉన్నంత సైజువి, తలా ఒకటి చేతిలో పెట్టింది. ఒకాయన తన బొమ్మ కింద అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మేడమ్ నా దగ్గరకొచ్చి, "ఇప్పటికైనా సంతోషమేనా? వాన వస్తే మళ్ళీ పోతాయి ఇవన్నీ" అంది.

"మళ్ళీ పెడతాం" అన్నాను.

"ఎన్నిసార్లు పెడతారండీ?"

"ఎన్నిసార్లు వానొస్తే అన్నిసార్లు."

ఇదిగో, ఇది రాస్తుంటే కిటికీలోంచి చల్లగాలి కొడుతోంది. మళ్ళీ మబ్బు పట్టింది. పట్టనీ.